ఉగ్రస్తంభ యాత్రకు ముందు



అహోబిలమున ఉగ్రస్తంభమెక్కి నల్లమలను కన్నులార చూడవలెనని మన పాఠకమిత్రులు కొందరు సంకల్పించినారు. సంతోషము. అయితే ముందుగా పగటి జమాఖర్చు వ్రాసికొనవలెను.

దిగువ అహోబిలమునుండి ఎగువ అహోబిలమునకు 8 కిలోమీటర్లు. అంతవరకు బండి పోవును. ఆపై భవనాశి వాగు వెంట రాళ్లబాట, జ్వాలానృసింహుని గుహ, అటుమీదనే అసలు నిట్టయెక్కుడు. వానలలో ఆ రాళ్లు జారును. వాగు పొంగిన దినమున ప్రయాణము మానుడు. త్రోవ ఎరిగిన స్థానికుని, చాలినంత నీటిని వెంటగొనుడు.

తెల్లవారగనే కదలుడు. శిఖరము చేరినను చేరకున్నను 12 గంటలకు వెనుదిరుగవలెను. అలసిన మోకాళ్లు దిగునప్పుడే తడబడును. లోయలో చీకటి త్వరగా క్రమ్మును. అది పులులు తిరుగాడు అడవి. శిఖరము కంటికెదురుగా నుండగా మరలుదమనుట ఎవరికిని రుచింపదు. కావున ఆ మాట చెప్పువాడెవడో, అందరును వినవలసినదెవరి మాటయో, ఇచ్చటనే, ఇప్పుడే నిర్ణయించుకొనుడు.