ఆపరేషన్ తరువాత మొదలయ్యే బాధ్యత
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎంఫిసీమా అంటే ఊపిరితిత్తుల్లోని సన్నని గాలి గదుల గోడలు దెబ్బతినే జబ్బు. బీడీ, సిగరెట్టు దీనికి ముఖ్య కారణం. ఏళ్ల తరబడి పీల్చిన కట్టెల పొయ్యి పొగ కూడా హాని చేస్తుంది. చివరి దశలో కొద్దిమందికి మాత్రమే ఊపిరితిత్తుల మార్పిడి దారి చూపుతుంది.

1963లో అమెరికాలో డాక్టర్ జేమ్స్ హార్డీ తొలి మార్పిడి చేసినప్పుడు రోగి 18 రోజులే బతికాడు. నేడు ఏళ్ల తరబడి బతుకుతున్నవారున్నారు. అయితే గండాలు ఆపరేషన్‌తో తీరవు.

మొదటి మూడు రోజుల్లో కొత్త ఊపిరితిత్తి నీరు పట్టి పనిచేయకపోవచ్చు. శ్వాసనాళం కుట్టిన చోట సన్నబడవచ్చు. ఒక్కటే మార్చితే, మిగిలిన పాత ఊపిరితిత్తి గాలితో ఉబ్బి కొత్తదాన్ని నొక్కవచ్చు. ఇది ఎంఫిసీమా రోగులకు ప్రత్యేకమైన చిక్కు. శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించకుండా టాక్రోలిమస్ వంటి మందులు జీవితాంతం వాడాలి. వాటివల్ల రోగనిరోధక శక్తి తగ్గి వైరస్, బూజు ఇన్‌ఫెక్షన్లు సోకుతాయి. కిడ్నీలు దెబ్బతినవచ్చు, షుగరు రావచ్చు. ఇవన్నీ దాటినా, కొన్నేళ్లకు చిన్న శ్వాసనాళాలు మెల్లగా మూసుకుపోయే దీర్ఘకాలిక తిరస్కరణ పొంచి ఉంటుంది.

ఆపరేషన్‌కంటే మనమందరం చేయి కలుపుతాం. ఏడాది తరువాత మందుల చీటీతో వచ్చినవారికి మన పద్దుల్లో చోటు లేదు. ఒక సోదరి మా వద్దకు వచ్చి, డబ్బు చాలక భర్తకు రెండు పూటల మాత్రలు ఒక పూటే ఇస్తున్నానని చెప్పింది. ఆపరేషన్‌కు చందా పోగుచేసిన మేము ఆ మాటకు తల దించుకున్నాం. మాత్ర తప్పితే తిరస్కరణ ముంచుకొస్తుంది.

కనుక మందులకు, రక్తపరీక్షలకు, దారిఖర్చులకు ప్రత్యేక నిధి పెడదాం. అర్హులకు జకాత్ నుండి, మిగిలినవారికి నెలనెలా మనమిచ్చే సదఖా నుండి సాయం చేద్దాం.

డబ్బు అవసరం లేని సాయమూ ఉంది. రోగిని పరామర్శించడం సున్నతే. కానీ జలుబు, దగ్గు ఉన్నవారు వెళ్లకండి, గుంపుగా అసలే వద్దు. ఫోనులో సలాం చెప్పి ఇంట్లో దుఆ చేయండి. పండ్లు తీసుకెళితే పంపరపనస మానండి, అది మందు మోతాదును రక్తంలో పెంచుతుంది. రమజానులో డాక్టరు రోజా వద్దంటే, షరీఅత్ రోగికిచ్చిన మినహాయింపును ప్రేమగా గుర్తుచేయండి.

ఊపిరి అల్లాహ్ ఇచ్చిన అమానత్. దాన్ని నిలబెట్టే పనిలో మనల్ని ఆయన స్వీకరించుగాక. ఆమీన్.