రిపోర్టు ఇచ్చాక కూడా పని ఉంది



మేము వైద్యులం కాము, బడిపంతుళ్లం. సొసైటీ శిబిరాల్లో పేర్లు రాసుకోవడం, రిపోర్టులు పంచడం మా పని. ఆ పనిలో మేము నేర్చుకున్న పాఠం ఒకటి మీ ముందుంచుతున్నాము.

కుట్టుపని చేసుకునే ఒక ఖాలాకు షుగరుతో పాటు లివర్ పరీక్ష కూడా చేయించాము. ఎస్.జి.పి.టి. 86 వచ్చింది. ఆ ల్యాబు లెక్కలో 40 దాటకూడదు. డాక్టరుకు చూపించమని చెప్పి కాగితం చేతిలో పెట్టాము. ఆమె చూపించలేదు. లివర్ జబ్బంటే తాగేవాళ్లకే వస్తుందన్న మాట మనలో ఉంది కదా! నలుగురూ ఏమనుకుంటారోనని కాగితాన్ని పెట్టె అడుగున దాచారు. మాత్రల వల్లే లివర్ చెడిందని ఎవరో చెబితే షుగరు మాత్రలు మానేసి ఏదో ఆకుపొడి మొదలుపెట్టారు. నాలుగు నెలలకు కాలి పుండుతో వచ్చారు. తప్పు ఆమెది కాదు, అర్థం చెప్పకుండా కాగితం ఇచ్చిన మాది.

తర్వాత డాక్టర్లను అడిగి తెలుసుకున్నాము. మద్యం ముట్టనివారికీ లివర్‌లో కొవ్వు పేరుకుంటుంది. షుగరు, పొట్ట ఉన్నవారిలో ఇది చాలా ఎక్కువ. 2021లో కేంద్ర ప్రభుత్వం కూడా ఈ జబ్బును బి.పి., షుగరు వంటి జబ్బుల నివారణ కార్యక్రమంలో చేర్చింది.

ఎంజైములు పెరిగితే కారణం వెతకాలి. హెపటైటిస్ బి, సి పరీక్షలు, అల్ట్రాసౌండ్ చేయించాలి. వయస్సు, ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి., ప్లేట్‌లెట్లు, ఈ నాలుగింటితో డాక్టర్లు ‘ఫిబ్-4’ అనే లెక్క కడతారు. సాధారణంగా అది 1.3 లోపు ఉంటే లివర్ గట్టిపడే ప్రమాదం తక్కువ. 2.67 దాటితే లివర్ నిపుణుణ్ని కలవాలి. ఎంజైములు మామూలుగా ఉన్నా లోపల జబ్బు ఉండవచ్చు గనుక షుగరు ఉన్నవారందరికీ ఈ లెక్క అవసరమే.

మెట్‌ఫార్మిన్ వల్ల ఈ కొవ్వు రాదు. ఏ మాత్ర ఆపాలన్నా, మార్చాలన్నా డాక్టరే చెప్పాలి. ఆకుపొడులు, కషాయాలు వాడుతుంటే ఆ సంగతి ఆయన దగ్గర దాచకూడదు. వాటిలో కొన్ని లివర్‌ను దెబ్బతీస్తాయి. 80 కిలోల మనిషి మెల్లగా 6 నుంచి 8 కిలోలు తగ్గితే లివర్ వాపు తగ్గే అవకాశం బాగా ఉంది. దావత్‌లో మీఠా, శీతల పానీయాలు మానడం, రోజూ అరగంట నడవడం అందుకు మొదటి మెట్టు. రంజాన్ రోజాలు ఉండదలచిన షుగరు రోగులు ముందుగానే డాక్టరును కలిసి మాత్రల వేళలు సరిచేసుకోవాలి.

దాతలకు మా మనవి ఒక్కటే. మొదటి పరీక్షకు మీరు ఇస్తూనే ఉన్నారు. రెండో పరీక్షకూ, కొన్ని నెలల తర్వాత చేయించే మరో పరీక్షకూ, రిపోర్టు చదివి చెప్పే మనిషికీ కూడా ఇవ్వండి. అవి లేకపోతే మొదటి ఖర్చు పెట్టె అడుగుకే చేరుతుంది.

ఖాలా పుండు మానింది. మాత్రలు వేసుకుంటున్నారు. ఇప్పుడు శిబిరానికి వచ్చి మా పక్కనే కూర్చుంటారు. రిపోర్టు మడిచి దాచుకోబోయేవారిని ఆపి, “నేనెన్నడూ తాగలేదు బేటా, నాకూ వచ్చింది. పద, డాక్టరుకు చూపిద్దాం” అంటారు. మేము గంటసేపు చెప్పినా రాని ధైర్యం ఆ మాటతో వస్తోంది.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.