పరదేశ వర్తకమున పేరును నిలుపుకొను విధము
(వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



వైశ్యునకు మూలధనముకంటె పేరు ముఖ్యమని మన పెద్దలు బోధించిరి. ఆ పేరు నేడు అంగడి గుమ్మముపై మాత్రమేగాక ఇంటర్నెట్టునందును వ్రాయబడుచున్నది. మనవారిలో ననేకులు ఊరగాయలు, మిరపపొడి, చేనేత చీరలు మున్నగు సరకులను ఇంగ్లాండు, ఆస్ట్రేలియా, కెనడా, సింగపూరు దేశములయందలి తెలుగువారికి పంపుచున్నారు. కొందరచ్చటనే దుకాణములు తెరచిరి. అట్టివారు ఆయా దేశముల డొమైను పేరును సంపాదించుటను గూర్చి కొంత విన్నవింపదలచితిమి.

1244వ సంవత్సర ప్రాంతమున కాకతీయ గణపతిదేవ మహారాజు మోటుపల్లి రేవునందు శాసనము వేయించి, సముద్రముపై వచ్చు వర్తకులకు అభయమొసగెను. ఓడ పగిలి యొడ్డుజేరిన సరకును అపహరించు పూర్వపు పద్ధతిని మాన్పి, న్యాయమైన సుంకమునే గ్రహింతునని ప్రకటించెను. పరదేశమున వర్తకునకు ఆ దేశపు కట్టడియే రక్ష. ఆ కట్టడి నెరుగనివానికి రక్షయు దుర్లభమే.

మనకు ఇంటిపేరు ముందు వచ్చును. డొమైనునకు దేశపు గుర్తు చివర వచ్చును. మన దేశమునకు డాట్ ఇన్, ఇంగ్లాండునకు డాట్ యూకే, ఆస్ట్రేలియాకు డాట్ ఏయూ, కెనడాకు డాట్ సీఏ. డాట్ ఇన్ పేర్లను నిక్సి యను సంస్థ నిర్వహించుచున్నది. 2005 నుండి అవి యెల్లరకును సులభముగా లభించుచున్నవి. తెలుగు లిపిలో డాట్ భారత్ అను గుర్తును గలదు.

అన్ని దేశముల తలుపులును ఒక్కరీతిగా తెరచియుండవు. డాట్ యూకే పేరును ఏ దేశమువారైనను పొందవచ్చును.  ఆస్ట్రేలియాలో అట్లు గాదు. అచ్చట రిజిస్టరైన కంపెనీయో, వ్యాపార సంఖ్యయో, లేదా ఆ దేశపు ట్రేడుమార్కో యుండవలెను. ట్రేడుమార్కు నాధారముగా జూపినచో, డొమైను పేరు ఆ మార్కులోని మాటలతో సరిగా సరిపోవలయును. కెనడాలోను ఆ దేశముతో సంబంధము గలవారికే యర్హత. అచ్చట ట్రేడుమార్కు రిజిస్టరు చేయించుకొన్న పరదేశీయుడు ఆ మార్కు గల పేరును మాత్రమే పొందగలడు. సింగపూరునందు స్థానికుడొకడు తన సింగ్‌పాస్ గుర్తింపుతో పూచీపడవలయును.

ఇందువలన ట్రేడుమార్కును ముందుగా సంపాదించుట మేలని తేలుచున్నది. హైదరాబాదులోనో విజయవాడలోనో నివసించు వర్తకుడు ఇచ్చట రిజిస్టరు చేయించిన మార్కు సిడ్నీ నగరమున చెల్లదు. మార్కు హక్కు ఏ దేశమునకా దేశమునందే. అయినను 2013లో మన దేశము మాడ్రిడ్ ఒప్పందమున జేరినది. అందువలన మన మార్కుల కార్యాలయము ద్వారానే ఒక్క దరఖాస్తుతో పెక్కు దేశములను కోరవచ్చును. కెనడా 2019లో ఆ ఒప్పందమున జేరెను. డొమైను కొరకు ఆ మార్కును ఏ రూపమున నంగీకరింతురో ఆయా దేశపు రిజిస్ట్రీని ముందే విచారించుకొనుట వివేకము.

పేరు లభించుటతో పని ముగియదు. డొమైను భూమివలె శాశ్వతపు సొత్తు గాదు. గడువుగల యనుమతి మాత్రమే. డాట్ ఏయూ పేరునకు ఒకటి మొదలు 5 సంవత్సరములు, డాట్ ఇన్ పేరునకు 10 సంవత్సరములవరకు గడువు. అర్హత నశించిన పేరును నశించును. ఇంగ్లాండు ఐరోపా సమాఖ్యనుండి వైదొలగినందున, 2021 జనవరి 1వ తేదీన ఆ దేశస్థుల డాట్ ఈయూ పేర్లు వేలకొలది నిలిపివేయబడెను. యుగోస్లావియా దేశము గతించిన పిమ్మట డాట్ వైయూ అను గుర్తే 2010లో తొలగింపబడెను.

ఇక మిక్కిలి ముఖ్యమైన విషయము. పేరు ఎవరి పేరిట నున్నది? మేమెరిగిన యొక కుటుంబమున, పరదేశమున నున్న బంధువు స్థానికుడగుటచే డొమైనును తన పేరిటనే వ్రాయించెను. నమ్మకముచే కాగితమేదియు వ్రాసికొనరైరి. పిదప వాటాల తగవు పుట్టెను. అంగడి యన్నదమ్ములది, సరకు అన్నదమ్ములది. పేరు మాత్రము బంధువుచేత చిక్కెను. కొనువారు పాత పేరునే వెదకుచు నతని యొద్దకే పోవుచుండిరి. మూడు తరములు కూడబెట్టిన మన్నన యిట్లు చేజారెను.

ఇట్టి తగవులకు న్యాయమార్గము లేకపోలేదు. 2004లో మన సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే వ్యాజ్యమున, డొమైను పేరునకును ట్రేడుమార్కువలె రక్షణ గలదని తీర్పుచెప్పెను. డాట్ ఇన్, డాట్ యూకే, డాట్ ఏయూ, డాట్ సీఏ లకు వేరువేరు తగవు పరిష్కార పద్ధతులు గలవు. అయినను దురుద్దేశముతో ముందుగా వ్రాయించుకొన్న యపరిచితుని విషయమున నీ పద్ధతులు పనికివచ్చినంతగా, మన సమ్మతితో వ్రాయించుకొన్న బంధువు విషయమున పనికిరావు. కావున తగవు రాకమునుపే పత్రము వ్రాసికొనుట మేలు. బంధుత్వమునకు పత్రము హానిచేయదు, బంధుత్వమును నిలుపును.

డొమైను యజమాని స్థానమున కంపెనీ పేరే యుండవలెను. వెబ్‌సైటు తయారుచేయువాడు తన పేరు వ్రాసికొనకుండ జూడవలెను. రిజిస్ట్రారు పంపు జాబులు ఒక గుమాస్తా సొంత ఈమెయిలునకు గాక, సంస్థ ఈమెయిలునకు రావలెను. రహస్యపదము ఇద్దరు భాగస్వాములకైనను తెలిసియుండవలెను. గడువు తేదీని కొత్త చిట్టాలో మొదటి పుటయందే వ్రాసికొనవలెను.

మహాశయులారా! ధనవంతులు వకీళ్లను నియమించుకొనగలరు. ఇంటివద్ద ఊరగాయ పెట్టి జీవించు మన సోదరీమణులకును, చిన్న వర్తకులకును ఆ శక్తి లేదు. కావున పరదేశములయందలి మన యువకులును, ఇచ్చటి వకీళ్లును, ఆడిటర్లును గూడిన యొక ఉపసంఘమును ఈ మహాసభ యేర్పరచి, కోరినవారికి ఉచితముగా సలహా యొసగునట్లు చేయవలయునని మా ప్రార్థన. సత్రములు గట్టించి బాటసారులకు నీడనిచ్చిన కులము మనది. పరదేశమున మన పేదవర్తకుని పేరునకును నీడనిచ్చుటకు పోషకులు తోడ్పడుదురని నమ్ముచు విరమించుచున్నాము.