జినువాయి వయసు ఎట్లా తెలుస్తుంది?



ఎద్దుకు పళ్లు చూసి వయసు చెప్తాం. మరి పిచ్చుక కన్నా చిన్న పిట్టకు ఏం చూసి చెప్పాలి? దానికి పళ్లు లేవు కదా! ఈకలు చూడాలి.

వరి కంకుల మీద, గట్ల మీది గడ్డి మీద గుంపులుగా వాలే చిన్న పిట్టలను మీరు చూసే ఉంటారు. ముక్కు పొట్టిగా, లావుగా ఉంటుంది. వీటిని జినువాయిలు అంటారు. మునియా అన్నా ఇవే. పెద్ద పిట్ట గొంతు ముదురు గోధుమ రంగు. తెల్లటి రొమ్ము మీద చేప పొలుసుల్లాంటి గీతలుంటాయి. గూడు వదిలిన పిల్లకు ఆ పొలుసులుండవు. కింద అంతా లేత మట్టి రంగే. అది వేరే జాతి పిట్ట అనుకునేవాళ్లూ ఉన్నారు. పాపం, అది ఆ తల్లి పిల్లే!

ఈక మన గోరులాంటిది. పూర్తిగా పెరిగాక అందులో ప్రాణముండదు. ఎండకు వెలిసిపోతుంది. గడ్డికి రాసుకుని అరిగిపోతుంది. అందుకే పిట్ట పాత ఈక రాల్చేస్తుంది. కొత్తది మొలుస్తుంది. ఇంట్లో కోడి ఈకలు రాల్చడం మీకు తెలిసిందే. జినువాయి రెక్కల ఈకలన్నీ ఒక్కసారే రాల్చదు. ఈ రెక్కలో ఒకటి, ఆ రెక్కలో ఒకటి. లేకపోతే ఎగరలేదు.

పిల్ల కొన్ని నెలలకు ఇలా ఈకలు మార్చుకుంటుంది. ఆ మధ్యలో చూస్తే రొమ్ము మీద అక్కడక్కడా నాలుగు పొలుసులు కనపడతాయి. మార్పు పూర్తయ్యాక ఏడాది పిట్టా, నాలుగేళ్ల పిట్టా ఒక్క తీరే. ఈకలు చూసి వయసు చెప్పడం ఇక కుదరదు. అందుకే శాస్త్రవేత్తలు పక్షి కాలికి నంబరున్న చిన్న లోహపు కడియం వేస్తారు. పిల్లప్పుడే వేస్తే తర్వాత వయసు లెక్క తప్పదు. మన దేశంలో ఈ పని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ చేస్తోంది.

ఎర్ర జినువాయి సంగతి ఇంకా తమాషా. వానాకాలంలో మగది ఎర్రగా మారుతుంది. ఒంటి మీద తెల్ల చుక్కలు. పిల్లలు పెట్టే కాలం అయిపోయాక ఆ ఎర్ర ఈకలు రాలిపోతాయి. ఆడదానిలాగే గోధుమ రంగుకు వస్తుంది. దాన్ని పిల్ల అనుకోకండి. ముక్కు చూడండి. పెద్దదాని ముక్కు ఎరుపు, పిల్లది నలుపు.

సంతల్లో ఆకుపచ్చ, పసుపు పిట్టలను పంజరంలో పెట్టి "ఫారిన్ పిట్టలు" అంటారు. పిల్లలు కొనమని మారాం చేస్తారు. వాటిలో రంగు పూసిన మన జినువాయిలూ ఉంటాయి. రంగు పాత ఈకకే ఉంటుంది. కొత్త ఈక మట్టి రంగులోనే మొలుస్తుంది. అప్పుడు గుట్టు బయటపడుతుంది. చాలా పిట్టలు అన్నాళ్లు బతకవు.

1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టాన్ని 1991లో సవరించారు. జినువాయిలను పట్టడం, అమ్మడం నేరం. ఎవరైనా అమ్ముతుంటే అటవీ శాఖ ఆఫీసులో చెప్పండి. జాలిపడి, వదిలేద్దామని కూడా కొనకండి. ఆ డబ్బుతో వాడు ఇంకో వల కొంటాడు.