తెగేదాకా ఆగకండి

తెగేదాకా లాగకూడదన్న పెద్దల మాట స్కూటరు బ్రేకు కేబులుకూ వర్తిస్తుంది. మన మైపాడు, కోడూరు వైపు ఉప్పుగాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది కదా! అందుకే బ్రేకు పిడి దగ్గర కేబులు తీగలో ఒక్క పోగు తెగినా వెంటనే మార్పించెయ్యండి. డ్రమ్ము బ్రేకు వదులైతే చక్రం దగ్గర నట్టు బిగిస్తారు. ఇక బిగించే చోటే లేదంటే లోపలి బ్రేకు షూలు అరిగిపోయినట్టే. రెండూ కలిపి మార్చాలి. టైరు గాడుల్లో అడ్డంగా చిన్న చిన్న గట్లుంటాయి. పైరబ్బరు అరిగి వాటితో సమానమైందా, ఆ టైరుకు కాలం చెల్లినట్టే. "ఇంకో నెల నడుస్తుందిలే" అని శ్రీవారంటే ఊరుకోకండి. చీర చిరిగితే కుట్టుకుంటాం. వెనుక పిల్లలు కూర్చునుండగా బ్రేకు తెగితే ఏం చేస్తాం?