రోములో కడపటి దినం

పరదేశయాత్రలో కడపటి దినానికి ఒక చిత్రమైన స్వభావం ఉన్నది. అంతవరకు చూచినవన్నీ వెనుకకు జరిగి, చూడక మిగిలినవి మాత్రమే మనస్సులో ముందుకు వచ్చి నిలుస్తవి. 2025 అక్టోబరులో మేమిద్దరము రోము నగరంలో ఆరు దినాలు గడిపాము. మొదటి అయిదు దినాలలో కొలోసియం చూచాము. ఫోరం శిథిలాలమధ్య ఎండలో తిరిగాము. వాటికన్ చిత్రశాలలలో జనప్రవాహం ఎటు తోస్తే అటు నడచి, సిస్టైన్ మందిరపు కప్పు చూచి, మెడలు పట్టుకొని బయటపడ్డాము. ఆరవనాటి ఉదయం కాగితం తీసి చూచుకొంటే ఇంకా ఏడు పేర్లు కొట్టివేయకుండా ఉన్నవి. వాటిలో బోర్గేసే చిత్రశాల ఒకటి. ఏ గంటకు వచ్చేదీ ముందే చెప్పి దాని టిక్కెట్టు కొనుక్కోవలె. ఆ నాటికి ఒక్కటీ మిగలలేదు. తక్కినవి ఊరికి నాలుగు మూలలా ఉన్నవి. మరునాడు తెల్లవారగానే ప్రయాణం. మళ్ళీ ఇంత దూరం రావడం, మా జీతాలను బట్టి చూస్తే, అనుకొన్నంత సులభం కాదు.

ఏడింటిలో మూడింటినైనా చుట్టి రావలెనని ఇంట్లో ఒక పక్షం. రెండవ పక్షం మా శ్రీమతిది. "కోటలూ గుళ్ళూ చాలండీ. ఇవాళ ఆ కాలువ చూద్దాం" అన్నది.

ఆ మాట వెనుక ఉన్న కథ కొంచెం చెప్పవలె. మా మామగారు కోనసీమవారు. నీటిపారుదల శాఖలో చిన్న ఉద్యోగిగా కాలువగట్ల మీదనే జీవితం గడిపారు. గన్నవరం వద్ద వైనతేయ గోదావరి మీదుగా, కమానుల మీద, ఒక కాలువ నడిచేది. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో, కాటన్ దొర ఆనకట్ట పనులు సాగిన రోజులలో వెలసిన కట్టడం అది. నది మీద కాలువ పోవడం చూడని వారికి నమ్మశక్యం కాదు. ఆ ప్రాంతంలో పలకాబలపం పట్టని వారు కూడా దానిని "అక్విడెక్టు" అనే అంటారు. రోము వాళ్ళు రెండువేల యేళ్ళ కిందనే ఇట్లాంటివి కట్టారని మామగారు ఎక్కడనో విన్నారు. "వాలు ఎట్లా కొలిచారో!" అని ఆయన తరచు ఆశ్చర్యపోయేవారు. రెండేళ్ళ క్రితం కాలం చేశారు. కనుక ఆనాడు మా శ్రీమతి తన ముచ్చట కోసమే కాలువ చూద్దామన్నదని అనుకోలేకపోయాము. కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నాము.

ఆ కాలువ పేరు ఆక్వా విర్గో, అంటే కన్యాజలం. దప్పికగొన్న సైనికులకు ఒక కన్య ఊట చూపించిందట. అందుచేత ఆ పేరు. క్రీస్తుకు పూర్వం 19వ సంవత్సరంలో, ఆగస్టస్ చక్రవర్తికి కుడిభుజమైన అగ్రిప్పా దీనిని తవ్వించాడు. పొడవు ఇరువది కిలోమీటర్లకు పైచిలుకు. అందులో చాలా భాగం భూగర్భంలోనే సాగుతుంది. ఊట వద్దకు, ఊరి నడిబొడ్డుకు మధ్య ఎత్తులో తేడా నాలుగు మీటర్లు మాత్రమే! నీరు పల్లమెరుగు అని మనవాళ్ళు అంటారు. ఎరుగును, నిజమే, కాని ఇరువది కిలోమీటర్ల దూరానికి నాలుగు మీటర్ల పల్లాన్ని, ఎక్కడా ఎక్కువ కాకుండా, ఎక్కడా తక్కువ కాకుండా పంచిపెట్టడం మనిషి ఎరుగవలె. మామగారి ఆశ్చర్యం అక్కడనే.

ఉదయం తొమ్మిది గంటలకు స్పెయిన్ చౌకు చేరుకొన్నాము. అక్కడి మెట్లవరుస జగత్ప్రసిద్ధం. 2019 నుండి ఆ మెట్ల మీద కూర్చుంటే జరిమానా వేస్తున్నారు. అలసిన యాత్రికులు కూర్చోబోవడం, కావలివారు ఈలవేయడం అక్కడ నిత్యవినోదం. మెట్ల అడుగున రాతి పడవ ఒకటి, నీటిలో సగం మునిగినట్లు ఉన్నది. దానిని 1629 ప్రాంతంలో పూర్తిచేసిన పియెత్రో బెర్నీనీ, సుప్రసిద్ధ శిల్పి బెర్నీనీకి తండ్రి. వరదలో కొట్టుకువచ్చిన పడవను చూచి ఈ రూపం ఎంచుకొన్నాడని లోకులు చెప్పుకొంటారు. అసలు చిక్కు వేరు. కన్యాజలం ఇక్కడికి వచ్చేసరికి నీటికి ఒత్తిడి చాలదు, పైకి చిమ్మదు. చిమ్మని నీటికి మునిగే పడవ కంటె తగిన రూపమేది? ఉన్న ఇబ్బందినే అందంగా మలచిన ఆ పనితనం, మా మట్టుకు మాకు, ఊరిలోని పెద్ద పెద్ద విజయతోరణాల కంటె నచ్చింది.

శబ్దమే జీవనాధారమైన ఉద్యోగం కావడంచేత, ఎక్కడికి పోయినా ముందు చెవి ఒగ్గడం మాకు అలవాటు. ఆ పడవ నీటి చప్పుడు మెత్తనిది. నిద్రపోయే ఇంటిలో ఎవరో మాట్లాడుకొంటున్నట్లు ఉంటుంది. పక్కనే మెట్లను ఆనుకొన్న ఇంటిలో ఆంగ్లకవి కీట్సు 1821 ఫిబ్రవరి 23న, ఇరువదియైదేళ్ళకే, క్షయతో మరణించాడు. కడపటి రాత్రులలో ఆయన చెవిని పడినది ఈ చప్పుడే అయి ఉండాలి.

మెట్లకు ఎగువన పించియో కొండ. కాలువ దాని అడుగుననే వస్తుంది. 537లో గోతులు రోమును ముట్టడించి, నగరానికి నీరు తెచ్చే కాలువలన్నీ తెగగొట్టారు. ఆ తరువాత ఎండిన కాలువగుండా నగరంలోకి దూరగలమేమో చూడడానికి కొందరు దివిటీలతో లోపల ప్రవేశించారట. పించియో ద్వారం దగ్గర పగులులోనుండి వెలుతురు కనిపించి ఒక కావలిభటుడు తోటివారికి చెప్పాడు. తోడేలు కన్ను మెరిసి ఉంటుందిలే అని వారు నవ్వారు. సేనాపతి బెలిసారియస్ మాత్రం నవ్వలేదు. మనుషులను దింపి వెదకించాడు. లోపల దివిటీల జాడలు కనబడ్డవి. ఈ ముచ్చట చెప్పినవాడు, బెలిసారియస్ వెంట ఉండి ఆ యుద్ధచరిత్ర వ్రాసిన ప్రొకోపియస్. ఊరిని బ్రతికించే కాలువయే ఊరికి కన్నం కాబోయింది.

అక్కడినుండి త్రితోనె వీధికి వచ్చాము. 2017లో తెరచిన ఒక గొప్ప బహుళాంతస్తుల దుకాణం అక్కడ ఉన్నది. అత్తరు సీసాల వాసనలు దాటి నేలమాళిగకు దిగితే, దీపాల వెలుగులో అగ్రిప్పా కాలువ కమానులు! సుమారు అరువది మీటర్ల పొడవున, కట్టడం పనులలో బయటపడిన దానిని అట్లే నిలిపి, చుట్టూ దుకాణం కట్టుకొన్నారు. చూడడానికి రుసుము లేదు. కొనేవారు కొంటున్నారు, మాబోటి వారు రాళ్ళు చూస్తున్నారు. మా శ్రీమతి రాయికీ రాయికీ నడుమ అతుకులను చాలాసేపు పరకాయించి చూచింది. ఆ సమీపంలోనే నజరేనో వీధిలో, నేటి వీధి మట్టానికి దిగువన, మరి కొన్ని కమానులు ఉన్నవి. వాటిమీద క్రీ.శ. 41 మొదలు 54 వరకు పాలించిన క్లాడియస్ చక్రవర్తి శాసనం చెక్కి ఉన్నది: తనకు ముందువాడైన గైయస్ పాడుచేసిన కమానులను తాను పునాదినుండి తిరిగి కట్టించినానని. ఆ గైయస్ లోకానికి కలిగులాగా తెలిసినవాడు. పాడుచేసినవాని పేరును కట్టినవాడు రాతిమీద ఎక్కించి పోయాడు!

ఇక్కడ ఒక మాట. రోమనుల కట్టడాలు ఇన్నాళ్ళు నిలిచింది సున్నపు మహిమ వల్లనని చాలమంది అంటారు. సున్నం గట్టిదే. కాని ఊరి నీటికి 97లో అధికారిగా నియమితుడైన ఫ్రాంటినస్ తన శాఖను గురించి ఒక గ్రంథం వ్రాశాడు. దానిని చదివిన వారికి అసలు మర్మం తెలుస్తుంది. అగ్రిప్పా తన సొంత ఖర్చుతో 240 మంది పనివారిని కాలువలకోసమే పెట్టి, చనిపోతూ వారిని ఆగస్టస్‌కు అప్పగించాడు. ఆయన వారిని నగరానికి ఇచ్చాడు. క్లాడియస్ మరి 460 మందిని చేర్చాడు. వారంతా బానిసలే, అది మరువరాదు. గట్టు చూచేవారు, తొట్టి చూచేవారు, రాయి పరచేవారు, సున్నం పూసేవారు, ఇట్లా వారిలో వర్గాలు. "అయితే ఏడువందలమంది లస్కర్లన్నమాట!" అన్నది మా శ్రీమతి. గొట్టాలకు దొంగచాటుగా చిల్లులుపెట్టి నీరు అమ్ముకొనే వారిని గురించి కూడా ఫ్రాంటినస్ వాపోయాడు. రాత్రివేళ తూము దగ్గర గడ్డపారతో దొరికిపోయిన రైతులను గురించి మామగారు చెప్పే కథలు మాకు అప్పుడు జ్ఞాపకం వచ్చినవి.

ట్రేవి చౌకుకు పోయే సందులో, కంటికంటె ముందు చెవికే నీరు కనిపిస్తుంది. సన్నని వీథి, ఎత్తైన ఇళ్ళు, ఒక్కసారిగా హోరు. మలుపు తిరిగితే ఒక భవనం ముఖమంతా రాళ్ళూ, గుర్రాలూ, సముద్రదేవుడూ, నీరూ. నికోలా సాల్వి 1732లో పని ప్రారంభించి, పూర్తికాకుండానే 1751లో మరణించాడు. 1762లో ఇతరులు ముగించారు. ముందువైపు పైన ఒక ఫలకం మీద సైనికులకు ఊట చూపుతున్న కన్య, మరొక ఫలకం మీద కాలువ నమూనా చూస్తున్న అగ్రిప్పా ఉన్నారు. జనం అటు చూడరు. వారి పనంతా నాణెముతోనే. నీటికి వీపుతిప్పి, కుడిచేతితో ఎడమ భుజం మీదుగా నాణెం విసిరితే మళ్ళీ రోముకు వస్తారని ప్రతీతి. ఆ నాణేలు ఏటా పదిలక్షల యూరోలకు మించుతవి; వాటిని బీదసాదల సహాయానికి వినియోగిస్తున్నారు. 2024 చివర మరమ్మతు చేసినప్పటినుండి, తొక్కిసలాట లేకుండా ఒక్కొక్క విడతకు నాలుగువందల మందినే దగ్గరకు పోనిస్తున్నారు. వరుసలో మా వంతు వచ్చింది.

చేతిలో నాణెం పెట్టుకొని మా శ్రీమతి కదలలేదు. మన ఊళ్ళలో రైలు గోదావరి వంతెన ఎక్కగానే పెద్దలు నాణెం తీసి, కళ్ళకద్దుకొని, నదికి ఎదురుగానే వేస్తారు. అది తిరిగి రావడానికి పెట్టుకొనే బేరం కాదు. తల్లికి ఇచ్చుకొనే కానుక. "నీళ్ళకు వీపు పెట్టి వేయడం మా ఇంట లేదండీ" అన్నది. చివరకు కన్య ఉన్న ఫలకం వైపు ముఖం పెట్టి, చేయి చాచి మెల్లగా వదలింది. పక్కనున్న పడతి ఒకతె, ఎవరో పరదేశస్థురాలు, తప్పు వేశారని చేతి సైగలతో నేర్పబోయింది. మేము చిరునవ్వు నవ్వి ఊరుకొన్నాము. ఆ విధంగా తిరిగి వచ్చే హక్కు మాకు లభించలేదేమో!

నీరు దోసిట పట్టి త్రాగవలెనని కూడా ఆమెకు ఉండెను. అది వీలు కాలేదు. ఊరు పెరిగి నేల చెడిన కారణాన ఈ పాత కాలువ నీటిని ఇప్పుడు ఫౌంటెన్లకే వాడుతున్నారు. త్రాగునీరు వేరే గొట్టాలలో వస్తుంది. మొగము కొంచెం చిన్నబుచ్చుకొన్నది. తరువాతి మలుపులో పోత ఇనుముతో చేసిన వీధికొళాయి కనిపించింది. వీటిని అక్కడివారు "నసోనె", అనగా పెద్దముక్కు, అంటారు. 1874లో మొదలుపెట్టినవి, ఇప్పుడు ఊరంతటా సుమారు రెండున్నర వేలు. రాత్రింబగళ్ళు చల్లని మంచినీరు ధారకడుతుంది; పైసా అడిగేవారు లేరు. ధార కొనను వేలితో మూస్తే, పైనున్న చిన్న రంధ్రంనుండి నీరు విల్లువలె వంగి నోటికందుతుంది. 2017 కరవులో కొన్నింటిని కట్టివేయవలసి వచ్చినప్పుడు ఊరివారు చాల బాధపడ్డారు. ఇంట్లో ఇరువది లీటర్ల డబ్బాకు సొమ్ము చెల్లించి నీరు తెప్పించుకొనే మేము, ఆ కొళాయి దగ్గర ఇద్దరమూ ఒకరి తరువాత ఒకరు చిన్నపిల్లలవలె తడిసి త్రాగాము.

పాంథియన్ ఆలయంలో ఎక్కువసేపు నిలువలేదు. అయిదు యూరోల రుసుము, పైన గుమ్మటంలో ఆకాశానికి తెరచిన కన్ను, నేలమీద వాననీరు పోవడానికి చిల్లులు. దాని వెనుకవైపున అగ్రిప్పా స్నానశాలలు ఉండేవి. కన్యాజలం అసలు వచ్చింది వాటికోసమే. 

సాయంకాలం నవోనా చౌకు చేరుకొన్నాము. ఈ నీటితోనే ఆడే చతుర్నదీ శిల్పం అక్కడ ఉన్నది. 1651లో కొడుకు బెర్నీనీ పూర్తిచేసింది. బీదలకు రొట్టె కరవైన రోజులలో రాళ్ళకు ఇంత ఖర్చా అని ఆనాటి ప్రజలు గొణిగారు. ఆ గొణుగుడులో న్యాయం లేకపోలేదు. నాలుగు నదులు నాలుగు ఖండాలకు గుర్తులు. డాన్యూబు, దక్షిణ అమెరికాలోని ప్లాతా నది, నైలు. నైలు పుట్టుక అప్పటికి ఎవరికీ తెలియదు గనుక దాని తలమీద ముసుగు కప్పారు. నాలుగవది ఆసియా ఖండానికి గుర్తు: గంగ! చుట్టూ తిరిగి వెదకాము. పొడవైన తెడ్డు పట్టుకొని, గుబురు గడ్డంతో, కండలు తిరిగిన మహాపురుషుడు ఒకడు బండమీద వాలి కూర్చున్నాడు. నదులన్నీ మగవారేనని అక్కడి శిల్పసంప్రదాయం.

"గంగమ్మకు గడ్డమా!" అని మా శ్రీమతి అంత గట్టిగా నవ్వడం ఆ ఆరు దినాలలో అదే మొదటిసారి. బెంచీ మీద కూర్చుండి, ఫోను తీసి, మా అత్తగారికి గంగ ఛాయాచిత్రం పంపింది. మన దేశంలో అప్పటికి రాత్రి పదిగంటలు దాటింది. ఆమె ఇంకా మేలుకొనియే ఉన్నారు. వెంటనే జవాబు వచ్చింది: నీళ్ళు బాగున్నాయా, త్రాగుతున్నారా అని. వాలును గురించి కూడా చెప్పవలెనని మొదలుపెట్టి, ఇరువది కిలోమీటర్లకు నాలుగు మీటర్లని చెప్పగా, "మీ నాన్న ఉంటే నమ్మేవారు కాదు, కొలిచి చూపించమనేవారు" అన్నారట.

దీపాలు పెట్టిన తరువాత బసకు నడచిపోతూ, దారిలో ఒక పెద్దముక్కు దగ్గర ఆగి రెండు సీసాలు నింపుకొన్నాము. విమానాశ్రయానికి పోయే రైలు ఉదయం ఆరుగంటలకు.