మితవ్యయము – గృహస్థధర్మము



గృహస్థాశ్రమమే తక్కిన మూడు ఆశ్రమములకును ఆధారమని ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. బ్రహ్మచారికి భిక్ష, అతిథికి అన్నము, పితృదేవతలకు తర్పణము, గోవునకు గ్రాసము, ఇవన్నియు గృహస్థుని ఇంటినుండియే వెలువడవలెను. అట్టి ఇల్లు అప్పులలో మునిగినచో ఇన్ని ధర్మములును ఒక్కసారిగా ఆగిపోవును. కావున పొదుపు కేవలము లౌకిక విషయము కాదు, ధర్మవిషయమేనని నేడు మనవి చేయదలచితిమి.

ధనధాన్యములు కూడబెట్టుట దోషమా యని కొందరు అడుగుదురు. గాదెనిండ ధాన్యము గలవాడు, కుండెడు గలవాడు, మూడు దినములకు గలవాడు, రేపటికి లేనివాడు అని మనువు గృహస్థులను నాలుగు విధములుగా చెప్పెను. వీరిలో తరువాతివాడు శ్రేష్ఠుడనెనే గాని, గాదె గలవానిని నిందింపలేదు. ధనమును భద్రపరచుట, వ్యయము చేయుట రెండును గృహిణికే అప్పగింపుమని కూడ ఆయనయే చెప్పెను. ఇంటి లెక్క ఇల్లాలికి తెలియనీయని పురుషులు ఈ మాట గమనింపవలెను.

భాగవతము అష్టమస్కంధమున శుక్రాచార్యులు బలిచక్రవర్తికి ధనవిభాగమును ఉపదేశించిరి. ధర్మమునకు, కీర్తికి, ధనాభివృద్ధికి, తన సుఖమునకు, తనవారికి అని ఐదు భాగములు. దానమును వారించు సందర్భమున చెప్పినదే యైనను, ఆ విభాగము సంసారికి చక్కని దారి. ఐదింట తన సుఖమునకు ఒక్కటే భాగమని మనము మరువరాదు.

పొదుపు వేరు, పిసినారితనము వేరు. పిసినారి ఇతరుల భాగమును కోసి దాచుకొనును. పొదుపరి తన భాగమును తగ్గించుకొని ఇతరుల భాగమును నిలుపును. మేము పాఠశాలలో వేదాధ్యయనము చేయు దినములలో వారములు చేసికొని భుజించినవారము. మాకు వారమిచ్చిన ఇండ్లలో చాలవరకు ధనికుల ఇండ్లు కావు. ఎసటిలో బియ్యము కొలిచి పోయు ఇండ్లు. ఆ కొలతలో మా ముద్దకూడ ఉండెడిది. కొలత యెరిగిన ఇల్లే పెట్టగలదని మేము అచట నేర్చితిమి. కంచి పరమాచార్యులవారు ప్రతి గృహిణియు వంటకు ముందు పిడికెడు బియ్యము వేరుగా తీసి అన్నదానమునకు ఉంచవలెనని బోధించినదియు ఈ ధర్మమే.

ఇక నేటి సంసారములను కూల్చుచున్నది నిత్యవ్యయముకంటె ఆడంబరవ్యయము. పెండ్లికి పొలము అమ్ముట, బంగారము తాకట్టు పెట్టుట, పిమ్మట ఏండ్ల తరబడి వడ్డీ కట్టుట చూచుచున్నాము. వివాహమునకు శాస్త్రము కోరునది పాణిగ్రహణము, లాజహోమము, సప్తపది. అందులకు కావలసినవి అగ్ని, నేయి, సమిధలు, దోసెడు పేలాలు. దీపాలంకరణములను, పదునాలుగు రకముల వంటకములను ఏ సూత్రకారుడును విధింపలేదు. కట్నమును, పట్టుచీరల ఆడంబరమును పరమాచార్యులవారు పలుమారులు నిరసించిరి.

శ్రాద్ధమునకై అప్పు చేయువారును కలరు. విష్ణుపురాణము తృతీయాంశమును చూడుడు. శక్తి లేనివాడు పిడికెడు తిలలు ఈయవచ్చును. అదియు లేనిచో గోవునకు గడ్డి పెట్టవచ్చును. ఏమియు లేనిచో అరణ్యమున చేతులెత్తి, నాకు ధనము లేదు, నా భక్తిచేతనే పితరులు తృప్తులగుదురు గాక యని పలికినను చాలునని ఔర్వమహర్షి చెప్పెను. పితరులు మన శ్రద్ధను చూతురు గాని మన బాకీపత్రమును కోరరు. అప్పులేక తన ఇంట కూరాకు వండుకొని తినువాడే సుఖియని ధర్మరాజు యక్షునకు ఇచ్చిన సమాధానమును తలచుకొనుడు.

చిన్న మొత్తము ఏమగునని తలపవలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సాధారణ స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. సారా దుకాణమునకు పోవు డబ్బు ఇంట నిలువగా, ఆ జిల్లా స్త్రీలు దినమునకు ఒక్క రూపాయి చొప్పున దాచుకొను పొదుపు సంఘములుగా కూడిరి. ఆ రూపాయి వెనుక నున్నది నియమము. నియమమే తపస్సు.

కావున ఆదాయము చేతికి రాగానే ధర్మభాగమును, పొదుపుభాగమును ముందుగా తీసి, మిగిలినదానితో ఇల్లు గడుపుడు. గడిపిన పిమ్మట మిగిలినది దాతుమన్నచో ఏనాడును మిగులదు. నెలకొకమారు భార్యాభర్తలు, పెద్ద పిల్లలు కూర్చుండి లెక్క చూచుకొనుడు. వస్తువు కొనునపుడు ఇది అవసరమా, లేక పొరుగువానికి చూపుటకా యని ఒక్క క్షణము ఆలోచింపుడు. మీ ఇంట అప్పు లేకుండుగాక, అతిథికి అన్నము లేకుండుట యనునది ఉండకుండుగాక అని సర్వేశ్వరుని ప్రార్థించుచున్నాము.

స్వస్తి.